దేవుడి గూట్లో తాళం

“కారుకి తాళాలెన్ని, ఏసుపాదం?”

“రెండేనండి. ఒకటి నా దగ్గరుంటదండి. రెండోది దేవుడిదండి.”

“దేవుడిదంటే?”

“కారు కొన్న రోజున అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించారండి. అప్పట్నుంచి ఆ తాళం అమ్మగారి దేవుడి గూట్లోనే ఉంటదండి. దాని మొహం నేనొక్కసారే చూశానండి.”

కటకటాల అవతల గొంతుకూర్చున్న మనిషి తల ఎత్తకుండానే జవాబులు చెబుతున్నాడు. కింది పెదవి చిట్లింది. ఎలా చిట్లిందని దుర్గాశ్రీ అడగలేదు. అడిగితే, పడిపోయానండి అంటాడని ఆమెకి తెలుసు.

గడియారం పదీ పది చూపిస్తోంది. నిన్న సాయంత్రం నాలుగున్నరకి అరెస్టు చూపించారు కాబట్టి ఈ రోజు నాలుగున్నర లోపల అతన్ని మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెట్టాక ఇంకేముంది, జైలే. చనిపోయినాయన కడియంలో పెద్ద నర్సరీ ఉన్న బంగార్రాజు. చంపాడంటున్నది పదకొండేళ్ళుగా ఆయన కారు నడిపిన ఏసుపాదం. ఒకసారి లోపలికి వెళ్తే అతని తరఫున నోరు విప్పేవాళ్ళెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషి అతని భార్య కరుణమ్మ. నిన్న చీకటి పడే వేళకి రాజమండ్రిలో దుర్గాశ్రీ ఆఫీసుకి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడి, “మా ఆయన చీమ కనపడినా పక్కకి జరుగుతాడమ్మా” అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది.

దుర్గాశ్రీకి నలభై ఆరేళ్ళు. డిటెక్టివ్ బోర్డు కట్టుకోకముందు పదమూడేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలకి పోయిన కార్లు వెతికిపెట్టింది. మనుషులు చెప్పే అబద్ధాలకన్నా కార్లు చెప్పే నిజాలు ఎక్కువ విన్న మనిషి.

“మంగళవారం పొద్దున ఐదున్నరకి ఎక్కడున్నావు?”

“ఇంట్లో పడుకున్నానండి. తాళం చొక్కా జేబులోనే ఉందండి. చొక్కా మేకుకుందండి.”

“అంతకుముందు రోజు పెద్దాయన నిన్ను కొట్టారట.”

“కారు వెనక్కి తీస్తా గులాబీ అంట్ల మీదకి ఎక్కించేశానండి. చెంప మీద ఒక్కటిచ్చారండి. సాయంత్రం ఆయనే పిలిచి కాఫీ ఇప్పించారండి.” మొదటిసారి తల ఎత్తాడు. “ఆ కాఫీ సంగతి నేను చెప్తే ఎవరూ రాసుకోలేదండి.”

“ఈ మధ్య ఆ తాళం నీ చేతిలోంచి ఎవరైనా తీసుకున్నారా?”

“ఒక్కసారి పెద్దయ్యగారే తీసుకున్నారండి. దీపావళి ముందు బుధవారం. నన్ను నర్సరీలో ఉండమని, ఆయనే నడుపుకెళ్ళారండి. భోజనాల వేళకి తెచ్చిచ్చేశారండి.”

ఈ ముక్క దుర్గాశ్రీ రాసుకుంది.

* * *

జరిగింది ఇదీ. మంగళవారం తెల్లవారకముందే కాలవ గట్టు మీద నడకకి వెళ్ళిన బంగార్రాజుని ఆయన కారే గుద్దింది. గుద్ది ఊరుకోలేదు. వెనక్కి వచ్చి మళ్ళీ మీదనుంచి పోయింది. ఇంటి గేటుకి ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టు కెమెరాలో టైములు స్పష్టంగా పడ్డాయి. కారు బయటికి వెళ్ళింది 5:31కి. తిరిగొచ్చింది 5:52కి. అద్దం నిండా మంచు పట్టి ఉండటంతో నడిపిన మనిషి మొహం కనపడలేదు. తలుపు పగలగొట్టలేదు. వైర్లు కోయలేదు. బంపరుకి పంచె పేలిక ఒకటి చిక్కుకుని ఉంది. అది చిప్ తాళం కారు. దాని తాళం దానికి తగలందే ఇంజను నిలబడదు. ఒక తాళం దేవుడి దగ్గర, రెండోది డ్రైవరు జేబులో. ఇంక ఆలోచించడానికేముంది అన్నారు పోలీసులు.

పదకొండూ ఐదుకి దుర్గాశ్రీ ఆ ఇంటికి చేరేసరికి ఇన్‌స్పెక్టరు శివరామకృష్ణ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళు. కారుని స్టేషనుకి తరలించడానికి వచ్చాడు. ఏసుపాదం దగ్గర దొరికిన తాళం ప్లాస్టిక్ కవర్లో ఇన్‌స్పెక్టరు చొక్కా జేబులోంచి కనిపిస్తోంది.

“రండి మేడం. నిన్నటిదాకా దొంగ కార్లు, ఈ రోజు హత్యలు. ప్రమోషనే,” అన్నాడు నవ్వుతూ.

“మీరు కారు తీసుకెళ్ళే ముందు పది నిమిషాలు చూస్తానండి.”

“క్లూస్ టీమ్ రెండు రోజులు చూసింది. పది నిమిషాల్లో మీరేం చూస్తారు?”

“వాళ్ళు రక్తం కోసం చూశారు. నేను దుమ్ము కోసం చూస్తాను.”

ఆమె చేతికి తొడుగు వేసుకుని డ్రైవరు వైపు తలుపు తీసి, నేల మీద మోకాళ్ళు ఆనించి, స్టీరింగు కిందకి టార్చి వేసింది. మెకానిక్కులు మిషను తగిలించే సాకెట్టు అక్కడే ఉంటుంది. దాని మూత ఒక పక్క పైకి లేచి ఉంది. చుట్టూ పట్టిన దుమ్ములో రెండు వేళ్ళు జారిన గుర్తు.

“ఇది ఎవరో తెరిచారు.”

“సర్వీసింగులో తెరిచుంటారు.”

“అద్దం మీద స్టిక్కరు చూడండి. సర్వీసింగు జూన్‌లో అయింది. ఈ గుర్తులు ఆ తర్వాత పట్టిన దుమ్ము మీద ఉన్నాయి.” ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. “ఇన్‌స్పెక్టరు గారూ, ఈ సాకెట్టుతో ఎవరికైనా రెండే పనులుంటాయి. ఒకటి రిపేరు. రెండోది కొత్త తాళం కారుకి పరిచయం చెయ్యడం. ఈ కారుకి రిపేరేం రాలేదని ఏసుపాదం చెప్పాడు.”

“ఏసుపాదం చాలా చెప్పాడు.”

“దేవుడి గూట్లో ఉన్న తాళం తిప్పి చూశారా?”

శివరామకృష్ణ మొహంలో నవ్వు తగ్గింది. “తిప్పడం దేనికి? మంగళవారమే, గూడు మూయకముందు, నేనే స్వయంగా చూశాను. మూడేళ్ళుగా ఎవరూ కదపలేదు. పసుపు పెళ్ళలు కట్టి ఉంది. అది కదల్లేదు కాబట్టే రెండోదానితో హత్య జరిగిందంటున్నాను.”

“కదల్లేదని చూశారు. పనిచేస్తోందా లేదా అన్నది చూడలేదు.”

* * *

హాలులో ఒక మూల చాప మీద బంగార్రాజు భార్య రామతులసి కూర్చుని ఉంది. ఐదో రోజు. చేతులకి గాజులు ఇంకా ఉన్నాయి, పదో రోజు వరకే. పక్కన దీపం వెలుగుతోంది. ఆ వెనక గోడలో దేవుడి గూడు. చావు మైల కాబట్టి దాని తలుపులు మూసి, గొళ్ళేనికి తెల్ల గుడ్డ చుట్టారు.

దుర్గాశ్రీ వచ్చిన పని చెప్పగానే అడ్డం పడింది ఇల్లరికపు అల్లుడు సుధాకర్. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. తొమ్మిదేళ్ళుగా నర్సరీ లారీలన్నీ అతని చేతి మీదే నడుస్తున్నాయి.

“మైలలో దేవుడి గూడు తెరవడమేంటండి? పదకొండో రోజు శుద్ధయ్యాక చూసుకోండి.”

“పదకొండో రోజుకి ఏసుపాదం జైల్లో ఉంటాడండి.”

“ఉండాల్సిన చోటే ఉంటాడు. అత్తయ్యగారూ, మీరు ఒప్పుకోకండి. అసలే ఇంటికి కీడు తగిలింది.”

“ఆయన చెప్పిందీ సబబే మేడం,” అన్నాడు శివరామకృష్ణ. “వాళ్ళ ఆచారం వాళ్ళది. పైగా మూడేళ్ళు మూలపడిన తాళం. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. అది పనిచెయ్యకపోతే మీరు దాన్ని పట్టుకుని కథ అల్లుతారు.”

“దూరం నుంచి తలుపు తెరిచే మీటకి బ్యాటరీ కావాలి. లోపలి చిప్పుకి బ్యాటరీతో పనే లేదు. వందేళ్ళు పెట్టెలో పెట్టినా కారు దాన్ని గుర్తుపడుతుంది.”

రామతులసి తల తిప్పింది. ఐదు రోజుల ఏడుపుకి గొంతు పీలగా అయిపోయింది.

“ఆ తాళం ఏం చెప్తుందమ్మా?”

దుర్గాశ్రీ ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ప్రతి తాళంలోనూ మినపగింజంత చిప్పు ఉంటుందండి. కారు తన తాళాలని ఆ చిప్పుతోనే గుర్తుపెట్టుకుంటుంది. కొత్త తాళం చేయించినప్పుడు, పాత తాళాలన్నీ తెచ్చి ఒకే విడతలో కారుకి చూపించాలి. ఆ రోజు చూపించనిదాన్ని కారు మర్చిపోతుంది. ఈ రకం కారు పద్ధతే అంత. ఇప్పుడు మీ దేవుడి తాళంతో ఇంజను నడిచిందనుకోండి, ఈ కారుకి ఉన్నవి రెండే తాళాలు. నేను లేచి వెళ్ళిపోతాను. నడవలేదనుకోండి, దొంగచాటుగా మూడోది ఒకటి పుట్టింది. అది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మంగళవారం పొద్దున ఆ కారు ఏసుపాదమే తీశాడని ఇక ఎవరూ చెప్పలేరు.”

వంటింటి గుమ్మంలో కూతురు సత్యశ్రీ వచ్చి నిలబడింది. ముప్ఫై మూడేళ్ళ పిల్ల, ఐదు రోజుల్లో సగమైపోయింది. చేతిలో మజ్జిగ గ్లాసు.

“ఏసుపాదం ఈ హాల్లోకి ఏనాడూ అడుగు పెట్టలేదు,” అంది రామతులసి ఎవరితోనో చెబుతున్నట్టు. “పదకొండేళ్ళు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కాకినాడ ఆసుపత్రి వరండాలో పన్నెండు రోజులు పడుకున్నాడు. ఇంటికి తీసుకొచ్చాక ఆ గడప దగ్గరే ఆగిపోయాడు. రమ్మని మేమూ అనలేదు.” ఆమె గూటి వైపు చూసింది. “నేను ముట్టుకోకూడదు. నువ్వు పైమనిషివి. కాళ్ళూ చేతులూ కడుక్కుని తియ్యమ్మా. పాపం ఉంటే నాది.”

“అత్తయ్యగారూ,” అన్నాడు సుధాకర్.

“బాబూ, చంపినవాడు తెలియాలని మీకు లేదా?”

సుధాకర్ గూటి ముందు నుంచి పక్కకి తప్పుకున్నాడు.

సత్యనారాయణస్వామి పటం కింద ఎర్ర గుడ్డలో ఉంది తాళం. మూడేళ్ళ శుక్రవారాల పసుపు కుంకుమ ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టిపడ్డాయి. గాట్లన్నీ పూడిపోయాయి. దుర్గాశ్రీ తమలపాకు అడిగి, దాని మీద గోటితో మెల్లగా గీకి దించింది. ఆ పొడిని రామతులసి కింద పడనివ్వకుండా ఆకుతో సహా అందుకుంది.

11:42. ముందు ఇన్‌స్పెక్టరు కవర్లోని తాళం పెట్టి తిప్పాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఆపేశాడు.

తర్వాత దుర్గాశ్రీ దేవుడి తాళం పెట్టింది. స్టీరింగు లాకు వదిలింది, ఇనుముకి ఇనుము సరిపోయింది. ఇంజను రెండు క్షణాలు గర్జించి ఠక్కున ఆగిపోయింది. మీటర్ల మధ్య తాళం బొమ్మ ఎర్రగా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ అంతే. మూడోసారి ఇన్‌స్పెక్టరు ఆమె చేతిలోంచి తాళం తీసుకుని తనే తిప్పాడు. ఇంజను ఆగిపోయాక కూడా కాసేపు ఆ ఎర్ర దీపాన్ని చూస్తూ ఉండిపోయాడు.

“దీంతో కోర్టుకి ఏం చెప్పను?” అన్నాడు చివరికి. “ఒక తాళం పాడైంది అంటారు.”

“నేను చెప్పక్కర్లేదు, మీరూ చెప్పక్కర్లేదు. తనకి ఎన్ని తాళాలు గుర్తున్నాయో కారే చెప్తుంది. మిషను ఉన్నవాడు రావాలి, అంతే.”

రాజమండ్రి చుట్టుపక్కల కార్లకి చిప్ తాళాలు చేసేవాళ్ళు నలుగురు. నలుగురి నంబర్లూ ఆమె ఫోన్‌లో ఉన్నాయి. మొదటివాడికి కారు నంబరు చెబితే తెలీదన్నాడు. రెండోవాడు బుల్లిరాజు. నంబరు రెండోసారి చెప్పించుకున్నాడు.

“ఆ బండి ఓనరు పోయారని పేపర్లో చూశానండి,” అన్నాడు మెల్లగా. “ఫోన్లో వద్దండి. వచ్చి చెప్తానండి.”

* * *

అతను వచ్చేలోగా దుర్గాశ్రీ వరండాలో సుధాకర్ ఎదురుగా కుర్చీ లాక్కుంది. దేవుడి తాళం మళ్ళీ ఆమె చేతికొచ్చింది.

“మంగళవారం ఐదున్నరకి మీరెక్కడున్నారండి?”

“ఇది ఎన్నోసారి? నర్సరీలో ఉన్నాను. బెంగళూరు లారీకి మొక్కలెక్కిస్తున్నాను.”

“లారీ ఎప్పుడు కదిలింది?”

“ఆరింటికి. దాన్ని పంపించాకే ఇంటికొచ్చాను. వచ్చేసరికి ఈ ఘోరం.”

“లారీ డ్రైవరుతో పొద్దున మాట్లాడానండి. రావులపాలెంలో అరటి మార్కెట్టు ఎదురుగా ఆగి టీ తాగాడట. టీ కొట్టుకి డబ్బు ఫోన్‌లో కొట్టాడు. ఆ మెసేజి నాకు పంపాడు. 5:50. ఇక్కడ ఆరింటికి కదిలిన లారీ పది నిమిషాల ముందే రావులపాలెంలో ఎలా ఉందండి?”

సుధాకర్ మొహం తుడుచుకున్నాడు. “టైము కాస్త అటూ ఇటూ అయుండొచ్చు. మావయ్యగారు పోయిన పూట గడియారం చూసుకుంటామా?”

“ఐదున్నరకి ఆయన ఇంకా బతికే ఉన్నారండి.”

స్తంభానికి ఆనుకుని వింటున్న శివరామకృష్ణ తన సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇంతసేపట్లో అతను సుధాకర్ వైపు తేరిపార చూడటం అదే మొదటిసారి.

“మేడం, మీరు అడిగింది చాలు. మిగతాది నేను అడుగుతాను,” అన్నాడు.

“అడగండి. నాలుగున్నర లోపల అడగండి.”

“నా కేసు నాకు నేర్పుతున్నారా?”

“లేదండి. మీ కేసులో ఒక మనిషి పెదవి చిట్లింది. దాన్ని గురించి కూడా ఎప్పుడైనా మాట్లాడుకుందాం.”

ఆ మాటకి అతను స్తంభం వదిలి ముందుకొచ్చాడు. ఏదో అనబోయాడు, అంతలో సత్యశ్రీ మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒక్కొక్కటీ అందిస్తూ దుర్గాశ్రీ దగ్గరకొచ్చి ఆగింది. ఆమె కళ్ళు గ్లాసు మీద లేవు, తాళం మీద ఉన్నాయి.

“అది... ఇంక పనిచెయ్యదాండి?”

“చెయ్యదమ్మా. ఎందుకు?”

“సత్యా, నువ్వు లోపలికెళ్ళు,” అన్నాడు సుధాకర్. గొంతు పెంచలేదు. ఆ పిల్ల గ్లాసు బల్ల మీద పెట్టేసి వెంటనే వెళ్ళిపోయింది. ఏ మాటకి ఎంతలో లేవాలో తొమ్మిదేళ్ళుగా అలవాటైన మనిషి నడక అది.

దుర్గాశ్రీ లేచి ఆమె వెనకే లోపలికి వెళ్ళింది. కానీ గది తలుపు మూసుకుంది. చాప మీద నుంచి రామతులసి చేత్తో పిలిచింది.

“ఒక మాట చెప్పాలమ్మా. ఇంటి గుట్టు కదా అని పోలీసులకి చెప్పలేదు. ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన అన్నారు, సంక్రాంతి వెళ్ళాక నర్సరీ అమ్మాయి చూసుకుంటుంది, మొక్క సంగతి దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు అని. పప్పన్నం మధ్యలో అల్లుడుగారు చెయ్యి కడిగేసుకున్నారు. మా ఇంట్లో విస్తరి ముందు నుంచి అలా లేచినవాళ్ళు లేరు. మా ఆయన ఏమీ అనలేదు. నెయ్యి వేసుకుని తిన్నారు.”

“సత్యశ్రీ ఏమంది?”

“అది తల ఎత్తితేగా.”

* * *

ఒంటిగంటా ఇరవైకి బుల్లిరాజు బండి మీద వచ్చాడు. నలభై దాటిన సన్నటి మనిషి, వీపున సంచి, సంచిలో పలక లాంటి మిషను. లోపలికొస్తూనే వరండాలో సుధాకర్‌ని చూసి నమస్కారం పెట్టాడు. సుధాకర్ తిరిగి పెట్టలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

బుల్లిరాజు సాకెట్టులో వైరు గుచ్చి, ఇన్‌స్పెక్టరు కవర్లోని తాళం పెట్టించి, తెర మీద వేళ్ళతో నొక్కుకుంటూ పోయాడు.

“ఈ బండికి గుర్తున్నవి రెండండి. ఇప్పుడు పెట్టింది ఒకటి. ఇంకోటి ఉందండి.”

దుర్గాశ్రీ దేవుడి తాళం ఇచ్చింది. అతను పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు.

“ఆయ్, ఇది కాదండి. దీన్ని బండి మర్చిపోయిందండి. ఆ ఇంకోటి నేను చేసిందేనండి.”

శివరామకృష్ణ కానిస్టేబుళ్ళిద్దరినీ సాక్షి సంతకాలకి రమ్మని పిలిచాడు. అందరూ షెడ్డు నుంచి ముందు వరండాలోకి వచ్చారు. ఒకతను కాగితాలు సర్దుకుని రాయడానికి కూర్చున్నాడు. రామతులసి తన చాప గడప లోపలికి, మాట వినపడేంత దగ్గరికి జరుపుకుంది. బుల్లిరాజు ఫోన్ తీసి చూపించాడు. కారు కాగితం ఫొటో తీసుకోందే అతను తాళం చెయ్యడు. ఫొటో మీద తారీఖు దీపావళి ముందు బుధవారం. పదకొండూ ఇరవై.

“ఎవరొచ్చారు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“పోయిన పెద్దాయనేనండి. బంగార్రాజుగారే.”

కలం ఆగిపోయింది.

“ఆయన కారుకి ఆయనే దొంగచాటుగా తాళం చేయించుకోవడం ఏంటి?”

“ఆయనకి కాదండి. పక్కన వాళ్ళమ్మాయిగారున్నారండి. తాళం కోసి, బండికి ఎక్కించాక, స్టార్టు చేసి చూడమ్మా అని ఆ అమ్మాయిగారి చేతికే ఇచ్చారండి. ఆవిడే మా సందులోంచి మెయిన్ రోడ్డు దాకా నడిపారండి. ఆయన పక్కన కూర్చుని నవ్వుతానే ఉన్నారండి. నేర్చుకుంటోందయ్యా, మా అల్లుడికి తెలిస్తే గొడవ, ఆయన ఊళ్ళో లేనప్పుడు నడుపుతుంది అన్నారండి.”

“రెండో తాళం తెమ్మని మీరు చెప్పలేదా?” అని దుర్గాశ్రీ అడిగింది.

“చెప్పానండి. అది తేకపోతే బండి దాన్ని మర్చిపోద్ది, పనికిరాదు అని రెండుసార్లు చెప్పానండి. ఆయన చెయ్యి ఇలా ఊపేశారండి. ‘అది దేవుడిదయ్యా. దాంతో కారు నడిపేవాడెవడు’ అన్నారండి.”

గడప లోపల రామతులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు. లోపల్నుంచి వచ్చిన ఇంకేదో శబ్దం.

దుర్గాశ్రీకి మిగతాది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తండ్రి ఇచ్చిన తాళం కూతురు ఎక్కడో దాచుకుంది. మొగుడు చూశాడు. తీసుకున్నాడు. తండ్రి పోయిన పూట దాచిన చోట చూసుకుంటే తాళం లేదు. నీ దగ్గర ఇంకో తాళం ఉందని నోరు విప్పావంటే నిన్నే పట్టుకుపోతారని చెప్పి ఉంటాడు. ఐదు రోజులుగా ఆ పిల్ల తండ్రి చావుని, తనకి తెలిసిన నిజాన్ని ఒకే నోట్లో కుక్కుకుని మజ్జిగ గ్లాసులు అందిస్తోంది. ఏసుపాదానికి ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆమె.

“సత్యశ్రీని పిలవండి. ఇప్పుడే,” అంది లేస్తూ.

“సత్యా,” అని రామతులసి పిలిచింది. జవాబు లేదు. “అమ్మాయ్, సత్యా.”

దుర్గాశ్రీ హాలు దాటి గది తలుపు తోసింది. గది ఖాళీ. మంచం పక్కన ఒక్క కాలి చెప్పు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

అప్పుడు వినిపించింది. ఇంటి వెనక షెడ్డులో ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. ఆగిపోలేదు.

వరండాలో ఇన్‌స్పెక్టరు చెయ్యి తనకి తెలియకుండానే జేబు మీదకి వెళ్ళింది. కవర్లో తాళం అక్కడే ఉంది. దుర్గాశ్రీ వరండాలోకి పరిగెత్తుకొస్తూ పిడికిలి విప్పింది. పసుపు అంటిన తాళం అక్కడే ఉంది.

తెల్ల కారు ఇంటి పక్క నుంచి దూసుకొచ్చింది. స్టీరింగు దగ్గర సుధాకర్. వెనక సీట్లో సత్యశ్రీ, రెండు అరచేతులతో అద్దాన్ని బాదుతోంది. నోరు తెరుచుకుని ఉంది గానీ ఇంజను హోరులో అరుపు వినపడలేదు. బుల్లిరాజు బండిని పక్కకి విసిరేసి, గేటు తలుపుని రాసుకుంటూ కారు రోడ్డెక్కి కాలవ వైపు తిరిగింది.

శివరామకృష్ణ జీపు వైపు పరిగెత్తుతూనే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

“ఏసుపాదాన్ని కోర్టుకి తీసుకెళ్ళకండి. నేను చెప్పేదాకా ఎక్కడికీ కదపొద్దు. ఏంటి? కాదు, లాకప్పులోంచి బయటికి తీసి కూర్చోబెట్టండి. నేల మీద కాదయ్యా, కుర్చీలో.” ఇంకో నంబరు నొక్కాడు. “తెల్ల కారు, గట్టు మీదకెళ్ళింది. లోపల ఆడమనిషి ఉంది. ఎదురు రండి. కాలవ వైపు నెట్టకండి, వినపడిందా, కాలవ వైపు నెట్టకండి.”

దుర్గాశ్రీ జీపులో ముందు సీటు ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. ఎవరో ఆమె భుజం పట్టుకున్నారు.

రామతులసి. చావు జరిగిన ఇంట్లో పదో రోజు దాకా చాప దిగకూడని మనిషి గడప దాటి, వరండా దాటి, మెట్లు దిగి వచ్చేసింది. కాళ్ళకి చెప్పులు లేవు. జుట్టు విప్పి ఉంది. కానిస్టేబులు ఒకతను అడ్డం వచ్చి, “అమ్మా, మీరు బయటికి రాకూడదు కదండీ,” అన్నాడు.

“వచ్చేశాను కదా నాయనా, తప్పుకో.” ఆమె జీపు రెయిలింగు పట్టుకుని ఎక్కి దుర్గాశ్రీ పక్కన ఇరుక్కుంది. ఊపిరి అందటం లేదు గానీ మాట తడబడలేదు. “ఆ గట్టు మీద కారు తిరిగే చోటు ఒక్కటే ఉంది. కాలవ లాకులకి ఇవతల ఇటుకల బట్టీ దగ్గర. అడ్డదారి ఉంది, మా ఆయనతో సైకిలు మీద వెళ్ళేదాన్ని. తాటితోపులోంచి పోనివ్వండి. వాడికన్నా ముందు చేరతాం.”

ఇన్‌స్పెక్టరు గేరు వేశాడు.